పద్నాలుగు రోజులైనా నీలంగానే ఉన్న మచ్చ

2005 జూన్‌లో నన్ను ఫిల్మ్ నగర్ దిగువన ఉన్న ఒక క్లినికల్ పరిశోధన కేంద్రంలో స్టడీ ఫిజీషియన్‌గా వేశారు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. నలభై ఆరేళ్ళకే ఐచ్ఛికంగా రిటైరయ్యాను కాబట్టి, ‘విశ్రాంత వైద్యుడు’ అనే మాటకి నా జుట్టు ఇంకా ఒప్పుకోలేదు.

ఇంకా బజారుకి రాని, పేరైనా పెట్టని మందుని ఆరోగ్యవంతులకి ఇచ్చి, గంటగంటకీ రక్తం తీసి, ఆ మందు ఒంటిని ఏం చేస్తోందో, ఒళ్ళు ఆ మందుని ఏం చేస్తోందో రాసుకోవడం మా పని. మొదటి సగం అందరూ ఊహించగలరు. రెండో సగమే తమాషా. మింగిన బిళ్ళని పేగు పీల్చుకుంటుంది, లివర్ విరగ్గొడుతుంది, కిడ్నీ బయటికి తోస్తుంది. మందు ఎంత గొప్పదైనా ఒళ్ళు దాన్ని పిలవని చుట్టంలాగే చూస్తుంది. కాఫీ ఇస్తూనే ఆటో సంగతి అడుగుతుంది. రక్తంలో చేరిన మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయుష్షు అంటారు. మా జీతాలన్నీ ఆ అర్ధాయుష్షు మీదే నడిచేవి.

మా వాలంటీర్లలో సగం మంది సినిమా వాళ్ళు. హీరోలు కాదు లెండి. హీరో వెనక గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు. మా అధ్యయనాలకి అంతకన్నా తగినవాళ్ళు భూమ్మీద లేరు. ఎనిమిదింటికి రమ్మంటే ఆరింటికే వచ్చేవారు. ఎందుకని అడగకుండా ఇచ్చిన బట్టలు వేసుకునేవారు. గంటల తరబడి ఏమీ చేయకుండా కూర్చోవడంలో వాళ్ళకి పదిహేనేళ్ళ అనుభవం ఉండేది.

ఆ వర్షాకాలంలో కీళ్ళనొప్పుల మందు ఒకటి వచ్చింది. దానికి పేరు లేదు, నంబరే. పద్దెనిమిది మంది మగవాళ్ళకి మొదటి విడత పరగడుపున ఇవ్వాలి. పద్నాలుగు రోజులు ఆగి, పాత మందు ఆనవాలు కూడా ఒంట్లో లేకుండా పోయాక, రెండో విడత కొవ్వు బాగా ఉన్న టిఫిన్ పెట్టి ఇవ్వాలి. తిండి వల్ల మందు నడక మారుతుందా అన్నది ప్రశ్న. ఒకే మనిషిని అతనితోనే పోల్చడం ఈ పద్ధతికి ప్రాణం.

మొదలుపెట్టే ముందు సమ్మతి పత్రం చదివి వినిపించాలి. అది నా బాధ్యత. ‘ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు’ అన్న వాక్యాన్ని రేడియో ప్రకటన చివర షరతులు చదివినట్టు గబగబా చదివేశాను. ఆ తర్వాత పత్రంలో లేని డైలాగు ఒకటి సొంతంగా చెప్పాను: “రెండో విడతకి ఒక్కరు రాకపోయినా లెక్క దెబ్బతింటుంది. మీలో ఒక్కరు ఆగితే అందరి కష్టమూ పోతుంది.” ఈ రెండోది మాత్రం నిదానంగా, చెయ్యి ఊపుతూ చెప్పాను. పద్దెనిమిది తలలూ ఊగాయి. నేను మంచి వక్తనని ఆ రోజు అనుకున్నాను.

ఏడో నంబరు యాదగిరి. ముప్పై రెండేళ్ళ మనిషి, కృష్ణానగర్‌లో అద్దెగది, తెరమీద పోలీసు కానిస్టేబులుగా కనిపించడం వృత్తి. మొదటి విడతలో ఎడమ మోచేతి దగ్గర మా నర్సు సుగుణగారి సూది ఒకసారి గురి తప్పింది. రూపాయి బిళ్ళంత మేర కమిలి నీలంగా తేలింది. రక్తం తీయడంలో సుగుణగారిది ఇరవై ఏళ్ళ చెయ్యి; గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆవిడ ఎన్నిసార్లు గురి తప్పారో వేళ్ళమీద చెప్పగలరు, చెప్పమంటే మాత్రం చెప్పరు.

రెండో విడతకి ముందురోజు సాయంత్రం అందరూ వచ్చారు. గుర్తింపు కార్డుల మీది ఫొటోలు చూశాం, రక్తపరీక్షలు చేశాం. అందరి లివర్ పరీక్షలూ శుభ్రంగా వచ్చాయి. వేలిముద్రల యంత్రాలు అప్పటికి మా దాకా రాలేదు.

తెల్లవారి ఏడింటికి సుగుణగారు సన్నటి గొట్టాలు నరాల్లో అమర్చుతున్నారు. పదిహేను నిమిషాలకి నన్ను పిలిచారు.

“డాక్టరు గారూ, ఇలా వచ్చి ఈ మచ్చ చూడండి.”

చూశాను. ఎడమ మోచెయ్యి, రూపాయి బిళ్ళంత, నీలం. మా రికార్డులో రాసినట్టే ఉంది. ఆ మాటే అన్నాను.

“అదేనండీ నా బాధ. రాసినట్టే ఎందుకుంది? పద్నాలుగు రోజులయ్యాక పచ్చబడాలి, పసుపు తిరగాలి, పోవాలి. ఇది నిన్న పొడిచినట్టుంది. నేను నిన్న ఈ చెయ్యి పొడవలేదు, పరీక్షకి కుడిచేతి నుంచి తీశాను.”

ఆవిడ స్పిరిట్ దూది తీసుకుని గట్టిగా ఒక్క తుడుపు తుడిచారు. మచ్చ దూది మీదికి వచ్చేసింది. మోచెయ్యి పసిపిల్లాడి బుగ్గలా మిగిలింది.

కుర్చీలో మనిషి తల వంచుకున్నాడు. పేరు నర్సింగ్ అట. యాదగిరి గదిలో ఉండేవాడు, మేకప్ అసిస్టెంటు. ఒడ్డూ పొడుగూ ఒకటే. మీసం, చెంప మీది పుట్టుమచ్చ స్వహస్తాలతో తీర్చుకున్నాడు. మచ్చ ఎందుకు పెట్టావయ్యా అంటే, మోసం దొరికిన సిగ్గు కన్నా పనిలో తప్పు దొరికిన నొప్పే అతని గొంతులో ఎక్కువ వినిపించింది.

“కంటిన్యుటీ సార్. ముందు సీన్ల దెబ్బ ఉంటే తర్వాత సీన్ల గట్లనే ఉండాలె. యాదన్న ఇంటికొచ్చిన రోజే మంచిగ చూసి పెట్టుకున్న. రంగు మారుతదని నాకేం ఎర్క?”

పళ్ళు ఊడగొట్టించుకున్న విలను కూడా క్లైమాక్సు దాకా అదే నెత్తురుతో తిరిగే చోట పెరిగినవాడు. ఒళ్ళు తన సామాను తానే సర్దుకుంటుందని అతనికెవరూ చెప్పలేదు.

“యాదగిరి ఏడీ?”

“రూముల పండుకున్నడు సార్. కామెర్లయినయ్. వారం రోజుల సంది ఆకు పసరు తాగుతుండు. మీకు చెప్పొద్దన్నడు.”

ఇక్కడ నవ్వు ఆగింది. కొత్త మందు తీసుకున్న మనిషికి వారంలో కామెర్లంటే, మందు లివర్‌ని కొట్టిందేమో అన్నది మొట్టమొదటి అనుమానం. మిగతా పదిహేడు మందికి ఎనిమిదింటికి అదే మందు పడబోతోంది. గడియారం ఏడూ ఇరవై ఐదు. ముందు వరసవాళ్ళు అప్పటికే వెన్న రాసిన రొట్టెలు, వేపిన గుడ్లు తినడం మొదలుపెట్టారు.

మందు ఇవ్వకుండా నిలిపే అధికారం స్టడీ ఫిజీషియన్‌కి ఉంటుంది. వాడుకున్నాక నిలబడే ధైర్యం విడిగా తెచ్చుకోవాలి. ప్రధాన పరిశోధకులకి ఫోన్ చేశాను. నిన్న అందరి రిపోర్టులూ నార్మలే కదా, ఒక్క అనుమానానికి పద్దెనిమిది మందిని ఆపుతావా అన్నారు.

“ఏడో నంబరు రిపోర్టు మేకప్ అసిస్టెంటుదండీ” అన్నాను.

ఆయన ఆ నంబరు మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత “ఆపెయ్” అన్నారు.

పదిహేడు మందీ టిఫిన్ పూర్తిచేశారు. మందు మాత్రం పడలేదు. వట్టి రొట్టె వెన్నల మీద అంత కట్టుదిట్టంగా జరిగిన పరిశోధన మరొకటి ఉండదు.

నేను వ్యాన్‌లో కృష్ణానగర్ వెళ్ళాను. నర్సింగ్ దారి చూపించాడు. రెండో అంతస్తు గది. చాప మీద యాదగిరి కూర్చుని ఉప్పులేని అన్నంలో మజ్జిగ కలుపుకుంటున్నాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నన్ను చూసి కంగారుగా లేవబోయాడు.

“గీడికెందుకొచ్చిన్రు సార్? డోసింగ్ టైమైతుంది గద!”

ఒంట్లో బాగాలేకపోతే ఫోన్ చేయాలని చెప్పాం కదా, ఎందుకు చేయలేదని అడిగాను.

“చేస్తే రావొద్దంటరు. మీరే చెప్పిన్రు, ఒక్కడు ఆగినా అందరి కష్టం పోతదని. నా వల్ల షూటింగ్ ఆగిందన్న మాట నాకొద్దు సార్. అందుకే డూప్‌ని పంపిన.”

వృత్తిలో అడుగుపెట్టాక నా మాటని అక్షరాలా పాటించిన మొదటి మనిషి అతనే. దానికోసం దెబ్బతిన్న లివర్‌ని వారం రోజులు దాచాడు.

ఆ ఉదయమే ఆసుపత్రిలో చేర్పించాం. లివర్ ఎంజైములు ఉండాల్సినదానికి పది రెట్లు దాటాయి. కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు కావని పరీక్షల్లో తేలింది. ఆకు పసరు మాన్పించాం. దాని పాత్ర ఎంతో ఎవరూ తేల్చలేదు గానీ, కామెర్లు వచ్చాకే మొదలుపెట్టాడు కాబట్టి అసలు ముద్దాయి అది కాదు. మొదటి విడత రక్తాన్ని మళ్ళీ చూస్తే, మిగతావాళ్ళలో ఆరు గంటల్లో సగమైన మందు యాదగిరిలో సగమవడానికి పద్నాలుగు గంటలు పట్టింది. అతని లివర్ ఆ చుట్టాన్ని త్వరగా సాగనంపలేకపోయింది. రెండో విడతలో నర్సింగ్ రక్తం వెళ్ళి ఉంటే? మందు చకచకా పోయిందని, ఆ ఘనత రొట్టెకీ వెన్నకీ చెందుతుందని రాసేవాళ్ళం. కామెర్లు అన్న మాట ఏ కాగితం మీదా ఉండేది కాదు. మరుసటి అధ్యయనంలో మోతాదు పెంచేవాళ్ళం.

అయిదు వారాలకి యాదగిరి కోలుకున్నాడు. సుగుణగారు వారానికోసారి పరీక్షకి రక్తం తీసేవారు, ఒక్కసారీ గురి తప్పలేదు. ఆ మందుని కంపెనీ పక్కన పెట్టేసింది. పేరు పెట్టించుకునే దాకా బతకలేదు. ఇలాంటి అధ్యయనాలకి అనుమతిచ్చే నైతిక సంఘానికి రాసిన నివేదికలో ‘కారణం’ అన్న గడిలో వాలంటీరు మోసం అని రాయమని పైవాళ్ళు సలహా ఇచ్చారు. నేను నా డైలాగు ఉన్నదున్నట్టు రాశాను. నాకు మెమో వచ్చింది. న్యాయమైన మెమో, భాష మాత్రం బాగాలేదు.

తర్వాత పదిహేడేళ్ళు అదే వృత్తిలో ఉన్నాను. సమ్మతి పత్రం చదివాక, మధ్యలో వెళ్ళిపోవాలంటే ఏం చేస్తారో ఒక్కొక్కరినీ సొంత మాటల్లో చెప్పమనేవాణ్ణి. చెప్పలేనివాళ్ళని చేర్చుకోలేదు. దాంతో ప్రతి అధ్యయనంలోనూ ఒకరో ఇద్దరో మానుకునేవారు, పైవాళ్ళు విసుక్కునేవారు. పద్దెనిమిది మందితో మొదలై, ఒక్కరూ తగ్గకుండా పద్దెనిమిది మందితో ముగిసిన నివేదిక నా బల్ల మీదికి వస్తే మాత్రం, సంతకం చేసే ముందు ఆ మనుషుల్ని ఒకసారి పిలిపించేవాణ్ణి.