నోరా మేడమ్ పెట్టిన ప్లేటు

గల్ఫ్‌లో మేముండే బర్కా ఊరి సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర అక్టోబరు ఆఖరి రోజు పండుగకని నారింజరంగు ప్లాస్టిక్ గుమ్మడికాయ ఒకటి పెట్టారు. మనిషి దాటితే చాలు, హిహిహి అని నవ్వుతుంది. నిన్న అది నన్ను చూసి నవ్వేసరికి ఒళ్లు మండిపోయింది. ఈ పండుగ నవ్వులాట కాదురా నాయనా అని పక్కనున్న సేల్స్ కుర్రాడి మీద ఊరికే కేకలేసి వచ్చేశాను. పాపం, వాడేం చేశాడు! కానీ ఆ పండుగంటే ఏమిటో నాకు నోరా మేడమ్ చూపించింది.

మా తోటలో ఆవుల షెడ్డు చూసుకోవడానికి ఆమె ఐర్లండ్ నుంచి వచ్చింది. ఎర్రటి మొహం, ముక్కుమీద కోపం. నేనప్పటికే అక్కడ ఫోర్‌మన్‌ని. వాళ్ల ఊళ్లో రైతు ఏడాదికి నాలుగు పండుగలట. ఫిబ్రవరి మొదట్లో గొర్రెలు పాలకొస్తాయి. మే మొదట్లో పశువుల్ని మేతకు కొండకు తోలతారు. ఆగస్టులో మొదటి కోత. అక్టోబరు ఆఖరి సాయంత్రం పశువులు ఇల్లు చేరతాయి, చీకటికాలం మొదలవుతుంది. దాన్ని సౌవిన్ అంటారు. వాళ్లకు కొత్త ఏడాది అదే. "చీకటితో ఏడాది మొదలేమిటి మేడమ్?" అని నవ్వాను. "మరి మీ బర్కాలో నారు ఎప్పుడు పోస్తారు రాజన్నా?" అంది. ఎండలు తగ్గాక, సరిగ్గా ఆ రోజుల్లోనే.

మే పండుగకు ఖర్జూరపు మట్టలతో రెండు మంటలు వేయించి, ఆవుల్ని మధ్యలోంచి తోలమంది. అలా చేస్తే రోగాలు రావట. ఆవులు బెదిరి గడ్డిమడిలో పడ్డాయి. మాతో పనిచేసే కడప యూసుఫ్ ఒక్కడే ముందు నడిచి వాటిని దాటించాడు. "మా ఊళ్లో పీర్ల పండక్కి నిప్పులే తొక్కుతామన్నా, ఇదెంత!" అన్నాడు. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెబితే మేడమ్ వాడి వీపు చరిచి, "అయితే నువ్వు మావాడివే" అంది.

వేసవి మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఆ ఆగస్టులో మా మేనేజర్, "ఈ ప్లాస్టిక్ కప్పున్న పాలీహౌస్ లోపల ఎండెక్కడుంది?" అంటూ మిట్టమధ్యాహ్నం కీరా కోయమన్నాడు. నేను కుదరదన్నాను. మేడమ్ తలుపుకు అడ్డం నిలబడి, "కోత పండుగ నెలలో మనుషుల్ని ఉడకబెడతావా?" అని అరిచింది. ఆమెను పక్కకు నెట్టి మనుషుల్ని లోపలికి తోలాడు దుర్మార్గుడు. యూసుఫ్ కీరా పాదుల మధ్యే పడిపోయాడు. మళ్లీ లేవలేదు. "వాడి గుండె వీక్" అన్నాడు మేనేజర్. రూమ్‌లో వాడి మంచం తీయించి, "ఇక వాడి పేరు ఎవరూ ఎత్తకండి, పనివాళ్లు భయపడతారు" అన్నాడు. ఎంత కండకావరం!

అక్టోబరు ఆఖరి సాయంత్రం మేడమ్ మా మెస్‌కు వచ్చింది. ఉడికిన ఆలుగడ్డల్లో క్యాబేజీ, వెన్న వేసి మెదిపి, ఒక ప్లేటు ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. "సౌవిన్ నాడు పోయినవాళ్లు ఇంటికొస్తారు. వాళ్లకు చోటుంచాలి" అంది. అంతలో మేనేజర్ వచ్చాడు. "ఇదెవరిది?" "యూసుఫ్‌ది" అంది మేడమ్. మేనేజర్ ప్లేటులోది చెత్తబుట్టలో పారేశాడు. ఆమె మళ్లీ పెట్టింది. మళ్లీ పారేశాడు. గిన్నె ఖాళీ అయింది. అప్పుడు నేను నా ప్లేటులోంచి ఒక ముద్ద తీసి ఆ ప్లేటులో వేశాను. నా వెనక ఒక్కొక్కరూ లేచి వచ్చి వేశారు. అంతమంది వేసింది పారేయడానికి వాడికి చెయ్యి రాలేదు.

వారం తిరక్కుండా మేడమ్ వీసా క్యాన్సిల్ చేసి పంపించేశారు. కారెక్కుతూ కూడా తిడుతూనే ఉంది. మరుసటి వేసవి నుంచి మధ్యాహ్నం పాలీహౌస్‌కు తాళం నేనే వేస్తున్నాను. తీయమని మేనేజర్ చాలాసార్లు అరిచాడు. లోపలికి వెళ్లడానికి మనిషి కదిలితేగా!

ఈ సాయంత్రం కూడా ఆలుగడ్డలు మెదిపి ప్లేటు పెట్టాను. మేనేజర్ ఇప్పటికీ వాడే. ఏటా మెస్‌లోకి తొంగి చూస్తాడు, ప్లేటు కనబడగానే తల తిప్పుకుని పోతాడు. ఎవరిదని మాత్రం అడగడు. నా కోపమంతా అక్కడే ఆగిపోయి ఉంది. అడగరా. ఒక్కసారి అడుగు, నీ మొహం మీద యూసుఫ్ పేరు చెబుతాను.