సొట్టపడని కారు

మా చిన్నప్పుడు... సూరత్ లింబాయత్‌లో మా గల్లీ మొత్తానికీ వీడియో గేమ్ ఉన్న ఇల్లు సత్తన్నది ఒక్కటే. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని మానేసి, ముందర అర్రలో రెండు టీవీలు పెట్టుకున్నాడు. పక్కనే వాళ్లావిడ కూరగాయలు తరుగుతూ కూర్చునేది కాబట్టి ఆడపిల్లలమైనా మమ్మల్ని పంపేవాళ్లు. సాంచెల చప్పుడులో టీవీ ఏం వినపడుతుంది... అయినా గొంతు చించుకుని అరిచేవాళ్లం.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా కాక, అంటే బాబాయి కూతురు స్వప్నకు ఏడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నేనెక్కడుంటే అది అక్కడ...

కార్ల రేసులో స్వప్నకు ఎప్పుడూ ఒకటే కారు కావాలి. తెల్లది, పొడుగుది. మా కాక ఓ సేటు దగ్గర డ్రైవరు, ఆయన నడిపేది అదే. "మా నాయిన కారు" అని గల్లీ అంతా చాటింపు వేసేది. సేటు పాపం పేరుకే ఓనరు.

ఆ గేమ్‌లో కార్లు రెండు రకాలు. కొన్నిటికి అసలు కంపెనీ పేరు, ముందర అసలు గుర్తు. మిగతావి చూడగానే ఫలానా కారని తెలిసిపోతుంది గానీ... పేరు మాత్రం ఎవరూ వినని పేరు. మాకందులో వింతేం కనపడలేదు. సూరత్ పిల్లలం కదా! మార్కెట్లో ఒక చీర బాగా పోయిందంటే, వారం తిరక్కుండా అంచు కాస్త మార్చి, పేరు మార్చి ఇంకొకడు దింపుతాడు. అసలు మాల్ ఏది, డూప్లికేట్ మాల్ ఏది... ఈ ముక్క మాకు అక్షరాల కన్నా ముందే వచ్చు.

ఇంకోటి కూడా కనిపెట్టాం. పేరు మార్చిన కార్లను గోడకు గుద్దితే బానెట్ లేచిపోయేది, డోర్లు ఊడేవి. అసలు పేరున్నవి, స్వప్న తెల్ల కారుతో సహా, ఎంత గుద్దినా సొట్ట పడేవి కావు. అసలు మాల్ గట్టిది, డూప్లికేట్ ఒక్క ఉతుకుకే పోతుంది... అదీ మా లెక్క.

ఆ వానాకాలంలో, హైవే మీద, కాక కారు లారీ కిందికి వెళ్లిపోయింది. సేటు అందులో లేడు. కాక ఒక్కడే...

శవాన్ని అటు నుంచి అటే సొంతూరికి తీసుకెళ్లారు. మా బాపూ, స్వప్న వాళ్లమ్మ చిన్నమ్మా వెళ్లారు. స్వప్నతో మాత్రం "మీ నాయిన ముంబై దవాఖానల ఉన్నడు, అమ్మ దగ్గరుండి సూసుకుంటుంది" అన్నారు. మా అమ్మ నాకు నిజం చెప్పి, నోరు మూసుకోమంది. బాపు తిరిగొచ్చాడు గానీ చిన్నమ్మ నెలల తరబడి ఊళ్లోనే ఉండిపోయింది.

కారు నుజ్జునుజ్జయిందని గల్లీలో ఎవరో అంటుంటే స్వప్న విన్నది. పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నాయిన కారు నిజంగనే పలిగిందా?"

దాని చెయ్యి పట్టుకుని సత్తన్న ఇంటికి తీసుకెళ్లాను. తెల్ల కారు... ఫుల్ స్పీడ్... నేరుగా గోడకు. ఒక్క గీత పడలేదు.

"సూడు... ఏమన్న అయిందా? అసలు మాల్ ఇది."

దాని మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ... ఆ క్షణం నాక్కూడా నమ్మాలనిపించింది.

అప్పటినుంచి రోజూ అదే పని. గుద్దడం... చూడడం... మళ్లీ గుద్దడం. నాకు భయమేసి సత్తన్నని అడిగాను, ఎందుకు పలగదని.

"ఆ పేరు పెట్టుకోవాలంటె కంపెనీ పర్మిషన్ గావాలె బిడ్డా. మా కారు పలిగినట్టు సూపియ్యొద్దని ముందే రాయించుకుంటరంట. సేటు చిరిగిన చీర ఫోటో కేటలాగ్ల ఏస్తడా? గిదీ గంతే. ఉత్త పేరు పెట్టినయి ఎంత పలగ్గొట్టినా అడిగేటోడెవడు?"

అంటే గట్టిదనం కారుది కాదు, ఒప్పందానిది. ఇది స్వప్నకు చెప్పాలి... రేపు చెబుదాం... ఎల్లుండి చెబుదాం...

ఒకరోజు తనే రిమోట్ కింద పెట్టేసింది. "కారుకేం గాలే గదక్కా. మరి నాయినెందుకు వస్తలేడు? నేనంటె ఇష్టం లేదా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "పా, ఇంటికి పోదాం, ఆకలైతుంది" అన్నాను. అంతే. పిరికిదాన్ని.

దసరా పోయాక చిన్నమ్మ వచ్చింది... బొట్టు లేకుండా. స్వప్నకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అది ఏడవలేదు. ఆ మాట మళ్లీ అదీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడది సూరత్‌లోనే, అడాజన్‌లో ఉంటుంది. మొన్న ఆదివారం ఉధ్నాలో మా ఇంటికొచ్చింది. మా బాబు కార్ల గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని, ఆ తెల్ల కారు పేరు చెప్పి ఉందా అని అడిగింది.

"లేదు మాసీ, లైసెన్స్ ఖతమైందంట. ఆ కంపెనీ కార్లన్నీ తీసేసిండ్రు."

నేనింక ఆగలేకపోయాను. వంటింట్లోకి పిలిచి, సత్తన్న అప్పుడు చెప్పిందంతా చెప్పేశాను. నాకు తెలిసీ దాచానని చెప్పాను.

"నువ్వూ చిన్నదానివే గదక్కా..." అంది. పొయ్యి మీది టీ తనే దించింది. తర్వాత అంది...

"కారు మంచిగుందంటె నాయినే మమ్ముల ఇడిసిపెట్టి పోయిండనుకున్న. కోపంతోని రోజూ దేవుని పటం ముందట నిలవడి, ఆయన సావాలె అని మొక్కిన. తర్వాత అమ్మ బొట్టు లేకుంట వచ్చింది. నా మొక్కుకే సచ్చిండనుకున్న అక్కా. టెన్త్‌ల డెత్ సర్టిఫికెట్ మీద నేను మొక్కక ముందటి తారీఖు సూసేదాక... అదే అనుకున్న."

ఏడేళ్ల పిల్ల... పదో తరగతి దాకా... నా పక్కనే పడుకుంటూ... నేను చెప్పిన ఒక్క మాటకి.

ఇప్పటి పిల్లల దగ్గర ఏదీ దాగదు, మనకన్నా ముందే ఫోన్లో చూసేస్తారు. పాపం, పసితనం పోతోందే అని ఒకప్పుడు బాధపడేదాన్ని. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

మీరూ చిన్నప్పుడు ఎవరినైనా ఊరడించడానికి ఏదైనా చెప్పారా? ఆ మనిషి ఇంకా ఉంటే ముందు వాళ్లకి ఫోన్ చేయండి... నాకు ఆ తర్వాత రాద్దురు గానీ.