ఉమాదేవి టీచర్ మేడమీదికి ముప్పై నాలుగు గొర్రెలు

శనివారం పొద్దున ఫోన్ మోగేసరికి గంగాదేవి ఉప్మా గిన్నె చేత్తో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. హిందూపురంలో ఆమెతో ఒకే గదిలో రెండేళ్లుగా ఉంటున్నాను. ఆమె కూర్చుని తిన్నది నేను చూడలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి కిటికీ మీద ఉంచింది.

“ఏమ్మా గంగా, నేను ఉమాదేవి టీచర్ని. సోమారం పొద్దున ఏడు గంటలకంతా నా ముప్పై నాలుగు గొర్రెల్ని టీకాకి సిద్ధంగా పెట్టుకోమని మెసేజ్ వచ్చిండాది. మాది రెండో అంతస్తు కదమ్మా. మెట్లెక్కించి మేడమీద కట్టేయల్నా? ఇంటాయన వాటర్ ట్యాంకు పక్కన జాగా ఉండాదంటాండాడు.”

అవతల టీచరమ్మ, ఆమె భర్త పడీపడీ నవ్వుతున్నారు. గంగాదేవి నవ్వలేదు. గిన్నె కింద పెట్టి ఆ ఫోన్ కట్ చేసి, పెనుకొండ దగ్గరున్న వాళ్ల ఊరికి చేసింది. వాళ్లమ్మ నరసక్క ఎత్తింది.

“అమ్మా, టీకా మెసేజ్ వచ్చిందా?”

“వచ్చింది. నలభై ఎనిమిదంట.”

“అంతేనా?”

“అంతే ఉండాది మే. తక్కినవి వేరే వ్యాన్లో వస్తాయేమోలే అంటాండాడు మీ నాయన.”

గంగాదేవి గోడకు ఆనుకుంది. వాళ్ల రొప్పంలో, అంటే ముళ్లకంప చుట్టిన గొర్రెల దొడ్డిలో, ఉన్నవి నూటపది. అందులో నలభై ఎనిమిదే వాళ్ల నాయన చంద్రప్ప సొంతం. ముప్పై నాలుగు ఉమాదేవి టీచరువి, ఇరవై ఎనిమిది ధర్మవరంలో ఉండే రిటైర్డు రైల్వే ఉద్యోగి దేవసహాయానివి. ఇద్దరూ మేపడానికి పాలుకిచ్చారు. పుట్టే పిల్లల్లో సగం వాళ్లకు, సగం చంద్రప్పకు. వాళ్ల ఊళ్లో నాలుగు మందలున్నా పట్నంవాళ్లు చంద్రప్పకే ఇస్తారు. కారణం ఒకటే. పాలు గొర్రె ఏదైనా చచ్చిపోతే, యజమాని గుర్తున్న చెవిని కోసి గుడ్డలో చుట్టుకుని రైలెక్కి వచ్చి చూపించి వెళతాడు. ఉమాదేవి టీచర్ ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

ఓబులదేవరచెరువు వైపు మందల్లో పారుడు రోగం కనిపించిందని వారం నుంచి వింటున్నాం. గొర్రెకు కళ్లు, ముక్కు కారుతాయి, నోరు పూస్తుంది, ఆపైన పారుడు. ఒకదానికి వస్తే మందంతా పోతుంది. టీకా ముందే పడాలి. అలాంటి సమయంలో నూటపది జీవాల మందకు నలభై ఎనిమిది మోతాదులు వస్తున్నాయి. మిగిలినవి ఐసుపెట్టెలో పెట్టుకుని హిందూపురంలో ఒక మేడకూ, ధర్మవరంలో ఒక పెంకుటింటికీ వెళ్లబోతున్నాయి.

“ఇది నేనే చేసినా వెన్నెలా,” అంది గంగాదేవి. అని చెప్పులు వేసుకుంది.

రైలు పదకొండు గంటలకు. స్టేషన్లో కూడా ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే చెప్పింది. ఆమె ఇక్కడ ఒక సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఊళ్లో నాలుగు మందల వివరాలు ఉంచడానికి నిరుడు తనే ఒక ప్రోగ్రామ్ రాసింది. అందులో ప్రతి గొర్రె ఒక్కటే. దానికి రెండు తాళ్లు కట్టినట్టు ఉంటుంది. ఒక తాడు మేపేవాడి చేతిలో, ఒకటి యజమాని చేతిలో. ఎవరి వైపు నుంచి లాగినా వచ్చేది అదే గొర్రె.

అయితే టీకాల జాబితా తీసుకునే పశువుల శాఖవాళ్ల ప్రోగ్రామ్ వేరు. ఈ ప్రోగ్రామ్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఎత్తి అక్కడ పెట్టలేం. అంతా అక్షరాల్లో, వరసల్లో రాసి ఒక ఫైలు పంపాలి. దాన్ని జేసన్ అంటారు. అవతలి ప్రోగ్రామ్ ఆ రాత చదువుకుని తన దగ్గర మళ్లీ గొర్రెల్ని తయారు చేసుకుంటుంది.

“రాతలో తాళ్లుండవు. నా ప్రోగ్రామ్ మా నాయన కింద నూటపదీ పూర్తిగా రాసింది. ఉమాదేవి కింద ముప్పై నాలుగు మళ్లీ రాసింది. దేవసహాయం కింద ఇరవై ఎనిమిది మళ్లీ రాసింది. చదివేదానికి ఏం తెలుసు? నూటడెబ్బై రెండు గొర్రెలు పుట్టినాయి. గురువారం క్లాసు మధ్యలో ఫోన్ చేసినారు, లెక్క ఎక్కువ ఉండాది, సరిచేసి పంపమ్మా అని. పది నిమిషాల్లో రెండోసారి రాసినవన్నీ తీసేసినా. యజమాని దగ్గర అడ్రసు ఉంటుంది కదా అని ఆడ ఉంచి, నాయన కింద తీసేసినా.”

“అడ్రసును బట్టి టీకా పంచారు.”

“ఊ.”

బండిలో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడింది. లాప్‌టాప్‌ను ఎడమ ముంజేతి మీద పెట్టుకుని కుడిచేత్తో కొడుతోంది. పెనుకొండ పశువుల ఆసుపత్రిలో పనిచేసే జయచంద్రకు ఫోన్ చేసింది. పక్కన నిలబడ్డ నాకు కూడా ఆయన గొంతు వినిపించింది.

“నిన్ననే చూసి అనుకున్నా. హిందూపురం టౌన్లో మంద యాడుందబ్బా అని. రేపు మధ్యాహ్నం రెండు గంటల్లోపల సరైన ఫైలు పంపు, మార్పిస్తా. ఆపైన సీసాలు సర్దేస్తారు. మళ్లా నా చేతుల్లో ఏముండదు గంగా.”

“వాళ్లిద్దరి పేర్లూ తీసేసి అన్నీ చంద్రప్పవే అని రాసేయొచ్చు కదా?” అన్నాను, ఫోన్ పెట్టేశాక.

“మా నాయనతో ఆ మాట అను చూద్దాం. పరాయి జీవాన్ని నాదని కాయితమెక్కిస్తావా అని ఇల్లు దిగమంటాడు.”

“పోనీ, ఒకేలా ఉన్న రెండూ ఒకటే అని కలిపేస్తే?”

తెర నా వైపు తిప్పింది. ఆడది, మూడేళ్లది, నల్లమూతి. ఆడది, మూడేళ్లది, నల్లమూతి. అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. ఏది దేనికి జంటో ఎలా చెప్పడం? ప్రతి గొర్రెకూ ఒక నంబరు ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. రాతలో గొర్రెను ఒకచోటే పూర్తిగా రాసి, ఇంకోచోట నంబరు వేస్తే చాలు. ఆ సంగతి గంగాదేవి తన సెంటర్లో పిల్లలకు చెప్పే మొదటి పాఠాల్లో ఒకటి. కానీ చంద్రప్ప మందలో నంబరు మాట ఎత్తకూడదు. లెక్కపెట్టిన మంద తరుగుతుందని వాళ్ల నమ్మకం. ఎన్నున్నాయి అని ఎవరైనా అడిగితే అతను ఆకాశం వంక చూస్తాడు. చిన్నప్పుడు గంగాదేవి వేళ్లు మడిచి లెక్కపెట్టబోతే చెయ్యి మీద కొట్టాడట. ప్రోగ్రామ్ రాసినప్పుడు ఆ చెయ్యే వెనక్కి తగ్గింది. మొత్తం ఎంతో యంత్రం లోపల్లోపల చూసుకుంటుంది కాని, ఏ గొర్రెకూ నంబరు వేయలేదు.

పెనుకొండలో దిగి ఆటో పట్టుకున్నాం. ఎర్రమంచి దాటేదాకా కొత్త కార్లు మోసుకెళ్లే లారీలు దారి ఇవ్వలేదు. గంగాదేవి ఆటోలో కూర్చోవలసి వచ్చినందుకు మోకాళ్లు ఊపుతూనే ఉంది.

చంద్రప్ప ఇల్లు చేరేసరికి ఎండ వాలుతోంది. భుజాన గొంగడి, వెనక మంద. కూతురు చెప్పిందంతా విన్నాడు. ఆమెకు ఆ నడక ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. వింటున్నంతసేపూ అతని కాళ్లు కూడా ఒకచోట లేవు.

“ఎవురుమే ఆ జేసన్? వానికి నేను చెప్తా. టీచరమ్మవి ఈడే మేస్తాండాయప్పా అని.”

“మనిషి కాదు నాయనా. రాత.”

“రాసిండేది నువ్వే కదా?”

ఆమె తల వంచుకుంది. తర్వాత గబగబా అంది. “ఒక్కొక్కదానికి ఒక నంబరు వేస్తే సరిపోతుంది నాయనా. చెవికి కాదు, ఫైల్లోనే. నీకు కనపడదు కూడా.”

“వద్దు.”

“నాయనా, రేపు రెండు గంటలకి...”

“లెక్క వద్దంటే వద్దు. ఇన్నేండ్లు నేను లెక్కపెట్టే తోలుకొచ్చినానా ఇంటికి?”

“మరి ఒకటి తప్పిపోతే నీకెట్ల తెలుస్తాది?” విసుగ్గా అడిగింది గంగాదేవి.

చంద్రప్ప ఆమె వైపు వింతగా చూశాడు. “ఏది తప్పిపోయిందో తెలుస్తాది.”

రొప్పం వాకిట్లో కంప పక్కకు లాగి, ఒక్కొక్కటే దూరేంత సందు ఉంచి, అడ్డంగా కాలు పెట్టి నిలబడ్డాడు. మంద తోసుకుంటూ వచ్చింది. ఒక్కొక్క వీపు మీద చెయ్యి వేసి లోపలికి వదులుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. నాతోనో, కూతురితోనో కాదు.

“బొల్లి. సన్నకొమ్ములు. నిదానం మే, నీకేం తొందర. గెనుముదూకుడు. బొల్లి పెద్దకూతురు. టీచరమ్మ నల్లమూతి. రాగిచెవులు. దాని చెల్లెలు...”

గంగాదేవి కదలకుండా నిలబడిపోయింది. అది రెండు మూడు క్షణాలే. వెంటనే సంచిలోంచి ఫోన్ తీసింది. “నాయనా, మళ్లీ. మొదటి నుంచి. అన్నింటినీ బయటికి తోలు.”

“పిచ్చి పట్టిందా నీకు?”

“నంబర్లు వద్దులే. పేర్లు చాలు. రెండింటికి ఒకే పేరు ఉండకుంటే చాలు.”

“ఒకే పేరు ఏంటికుంటాది? పిలిస్తే రెండూ రావా?”

నరసక్క గొణుక్కుంటూనే కంప లాగింది. మందను బయటికి తోలి మళ్లీ మొదలుపెట్టారు. అతను పేరు చెబుతాడు, చెవి చూసి ఎవరిదో చెబుతాడు, గంగాదేవి కొడుతుంది. టీచరుగారి గుర్తు కుడిచెవి కొస మీద చిన్న కోత, దేవసహాయానిది ఎడమచెవి మధ్యలో. పొద్దు గుంకేలోపల మంద మొత్తం లోపలికి పోయింది.

మర్నాడు తెల్లవారుతూనే ఆమె పని మొదలైంది. గొర్రెలన్నిటినీ చంద్రప్ప కింద ఒకే ఒకసారి, వయసూ రంగూ సహా పూర్తిగా రాయించింది. ఉమాదేవి కింద, దేవసహాయం కింద వట్టి పేర్లు. ఫైలు తయారైంది. పంపేముందు, అవతలివాళ్ల ప్రోగ్రామ్ చేసినట్టే, ఆ రాతను తనే మళ్లీ చదివించి గొర్రెలుగా మార్చి చూసింది.

నూటతొమ్మిది.

మళ్లీ చేసింది. నూటతొమ్మిదే. ఇంటి ముందు బండల మీద నడవసాగింది. అప్పటికే పది దాటింది. చంద్రప్ప మందను వదలకుండా రొప్పం దగ్గరే కాచుకుని ఉన్నాడు. గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి.

“నాయనా, ఒకటి తగ్గింది.”

“యాడ తగ్గింది? అన్నీ ఈడనే ఉండాయి.”

“రాతలో.”

“సరే, చదువు.”

ఆమె చదివింది. అతను కళ్లు మూసుకుని, కర్రకు గడ్డం ఆనించి విన్నాడు. పెదవులు ఆమెకంటే ఒక పేరు ముందు కదులుతున్నాయి. నలభై యాభై పేర్లు అయ్యాయేమో.

“...కుంటిది, చెంబుమూతి, రెడ్డోళ్లమడి...”

“ఆగు. కుంటిదాని ఎనకాల దాని కూతురు రావల్ల. తల్లి తోక ఇడిచి ఎప్పుడన్నా వచ్చిందా అది?”

నిన్న కొట్టిన పేర్లు తీసి చూసింది. కుంటిది, కుంటిది. రెండోసారి ‘కుంటిదాని కూతురు’ అని కొట్టబోతే, మొదటి అక్షరాలకే ఫోన్ ‘కుంటిది’ అని చూపించింది, ఆమె వేలు దాన్నే తాకేసింది. రాతలో ఒకే పేరుతో రెండు ఉంటే చదివేటప్పుడు రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. తల్లి చెరిగిపోయింది, కూతురు తల్లి పేరుతో మిగిలింది.

“కుంటిది నిజంగా కుంటుతుందా?” అని అడిగాను నేను. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో నా నోట వచ్చిన మొదటి మాట అదే.

“పిల్లప్పుడు కాలిరిగింది. ఇప్పుడు అన్నింటికంటే ముందు పరిగెత్తేది అదే,” అన్నాడు చంద్రప్ప నవ్వుతూ. “పేరు మార్చల్నంటే దానికి చెప్పాల కదా.”

సరిచేసి మళ్లీ చదివించింది. నూటపది వచ్చింది. ఆ అంకె అతనికి చెప్పలేదు. ఒంటిగంటా పదికి ఫైలు వెళ్లింది. రెండున్నరకు జయచంద్ర ఫోన్ చేసేదాకా ఆమె అన్నం ముద్ద నోట్లో పెట్టలేదు.

“చదువుకుంది. అన్నీ పెనుకొండకే. ఈ పేర్లేంది గంగా? మా సార్ రాగిచెవుల్ని చూడల్నంటాండాడు.”

సోమవారం ఏడింటికి ఐసుపెట్టెతో జయచంద్రే వచ్చాడు. సందులోంచి ఒక్కొక్కటే వస్తుంటే చంద్రప్ప పేరు చెప్పడం, జయచంద్ర సూది వేయడం, గంగాదేవి టిక్కు కొట్టడం. రెండింటి దగ్గర మాత్రం జయచంద్ర ఆగి కనురెప్పలు ఎత్తి చూశాడు. బొల్లి పెద్దకూతురికీ, టీచరమ్మ నల్లమూతికీ కళ్లు చెమ్మగా ఉన్నాయి.

“దుమ్మే కావచ్చు. అయినా వీటికిప్పుడు వద్దు. వేరేగా, దూరంగా కట్టేయండి. తక్కినవాటికి మందు పట్టల్నంటే పది పద్నాలుగు రోజులు. అంతవరకూ చూస్తా ఉండాల.”

ఆ పద్నాలుగు రోజులూ మా గదిలో నేల అరిగిపోయింది. సాయంత్రం ఆరున్నరకు గంగాదేవి ఫోన్ చేస్తుంది, ఫైలు తెరిచి వరసగా చదువుతుంది, అవతల చంద్రప్ప “ఉండాది, ఉండాది” అంటుంటాడు. ఆ రెండు పేర్ల దగ్గర ఆమె గొంతు తగ్గుతుంది. “మేస్తాండాయి” అని ఒకరోజు, “ముక్కు కారుతాండాది” అని ఇంకోరోజు. నాలుగోరోజు నల్లమూతి నీళ్లు తాగలేదన్నాడు. ఆ సంగతి తెలిసి ఉమాదేవి టీచరే మా గదికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని ఆ పేర్లన్నీ వింది. పోతూపోతూ “చెవి మాత్రం తేవద్దని చెప్పమ్మా” అంది. ఆరోజు ఆమె నవ్వలేదు.

పద్నాలుగో సాయంత్రం ఫోన్ ఎత్తగానే చంద్రప్ప ఆమెను చదవనివ్వలేదు.

“ఆ రెండింటినీ మందలో కలిపేసినా పాపా. జయచంద్ర వచ్చి చూసి, సూదేసి పోయినాడు.”

“మిగిలినవి?”

“లోపలికి పోయినాయి.”

“చదవద్దా?”

“నేనే చదివేసినా వాకిట్లో.”

గంగాదేవి ఫైలు మూసింది. మంచం అంచున కూర్చుంది. “ఎన్ని నాయనా?” అని అడిగింది, అడగకూడదని తెలిసీ.

అవతల గొర్రెల అరుపుల మధ్య కంప లాగి రొప్పం వాకిలి మూసిన చప్పుడు వినిపించింది.

“అన్నీ,” అన్నాడు చంద్రప్ప.