ఆరబెట్టిన స్ఫటికాలు

మా ప్రాజెక్టు సారుకు స్ఫటికం అంటే కలకండ. పెద్దదైతే మంచిది, చిన్నదైతే చెడ్డది. ఎమ్మెస్సీ చివరి ఏడాది ఖమ్మంలో ఆయన దగ్గర నేను రాగి సమ్మేళనం స్ఫటికాలు పెంచుతుండేదాన్ని. రెండు నైట్రోజన్లున్న అణువు ఒకటి, పీత రెండు డెక్కలతో పుల్లను పట్టుకున్నట్టు రాగిని పట్టుకుంటుంది. అలాంటి పట్లు ఎన్ని ఉన్నాయో, ఏ కోణంలో ఉన్నాయో తెలియాలంటే ఒక మంచి స్ఫటికాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెట్టి చూడాలి. ఆ యంత్రం హైదరాబాదులో ఉంది. దసరా సెలవుల తర్వాత మాకు దాని మీద ఒకే ఒక్క రోజు దొరికింది. ఆ రోజు చేజారితే నా ప్రాజెక్టు పుస్తకంలో చివరి అధ్యాయం ఉండదు.

స్ఫటికాలు పెంచడం పెద్ద విద్యేమీ కాదు. వేలెడంత సీసాలో, ఇట్టే ఆవిరైపోయే మెథనాల్ కలిసిన ద్రావణం పోసి, మూతికి అల్యూమినియం కాగితం చుట్టి, సూదితో మూడు బెజ్జాలు పొడవాలి. ఆ తర్వాత ముట్టకుండా ఉండాలి. మా సారుకు చేతకానిది ఆ ఒక్కటే. రోజూ పొద్దున రాగానే సీసా ఎత్తి, కిటికీ వెలుగులో పట్టుకుని, మందు కలిపినట్టు ఊపి చూసేవారు.

"ఇంకా ఆవగింజంతనే ఉన్నయి. కలకండ లెక్క రావాలె గదమ్మా!"

ఆవగింజలో సగం చాలని నేను చదివాను. అయినా చెప్పలేదు. నలుగురిలో నాకు నోరు పెగలదు. చెప్పాల్సినవన్నీ సాయంత్రం డైరీకి చెప్పుకుంటాను. అక్కడ నాకు ఎవరూ అడ్డు రారు.

నోటితో చేయలేనిది చేత్తో చేశాను. అప్పుడే కలిపిన ద్రావణం సీసా ఒకదాన్ని టిఫిన్ డబ్బాలో నిలబెట్టి, జూలూరుపాడు బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చి, పుస్తకాల వెనక దాచాను. వారం తిరక్కుండానే అమ్మ కంట పడింది.

"గదేందే, మైలుతుత్తమా? తోటకు కొట్టేది పుస్తకాల్ల పెట్టినవ్?"

"చదువుదమ్మా. ముట్టకు."

"గదేం చదువే, గిన్ని రోజులు సీసల కూసునుడు?"

మైలుతుత్తం అనుకుంది కాబట్టి అమ్మ దాని జోలికి పోలేదు. డాక్టరేటు ఉన్న మనిషికి ఆ మాత్రం భయం కూడా లేకపోయింది.

సెలవులకు ముందు రోజు ల్యాబులో ఆయుధపూజ. త్రాసుకు, బ్యూరెట్లకు, ఓవెన్‌కు బొట్లు పెట్టి దండం పెట్టుకుంటాం. ఆ ఆచారం నాకూ ఇష్టమే. త్రాసుకు బొట్టు పెట్టింది నేనే. కానీ ఆ ఏడాది సారు ప్రిన్సిపాల్ గారిని పిలిచారు. పూజ పళ్ళెంలో "మన ల్యాబు పంట" కనిపించాలట. నేరుగా నా అర దగ్గరికి వచ్చి అటెండరు అక్కను కేకేశారు.

"పండుగ పూట గీ పాచినీళ్ళేంది? పారబోసి, గింజలు కడిగి ఆరబెట్టు."

"పిల్ల ముట్టొద్దన్నది సార్. మూత గూడ తియ్యొద్దన్నది."

"పిల్లకేం తెలుసు? నేను చూడని స్ఫటికాలా?"

అక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆ సంగతి డైరీలో రాయడానికి కూడా రెండు రోజులు పట్టింది.

చివరికి సారే స్వయంగా వడకట్టి, కడిగి, ఫిల్టర్ కాగితం మీద పరిచి ఫ్యాన్ వేశారు. ఇత్తడి పళ్ళెంలో బంతిపూల మధ్య అవి పది నిమిషాలు నీలంగా మెరిశాయి. ఫొటో తీశారు. కొబ్బరి ముక్కలు పంచడం అయ్యేసరికి సుద్దముక్కల్లా తెల్లబారాయి.

"ఆరితే గట్లనే ఉంటదమ్మా. లోపల మంచిగనే ఉంటది," అన్నారు సారు, పుచ్చకాయ బేరమాడుతున్నట్టు.

ఆ సుద్దనే దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి నాతో హైదరాబాదు పంపారు. నా టిఫిన్ డబ్బా కూడా నాతో వచ్చింది.

యంత్రం దగ్గరున్న మేడమ్ సారు పంపినవాటిని మైక్రోస్కోపులో ఒక్కసారి చూసి తల తిప్పేసింది. "ఇది పిండి తల్లీ. ఎవరు ఆరబెట్టిర్రు దీన్ని? ఇంక మీ రోజు ఇంకొకరికి ఇచ్చేస్తా."

నేల చూడబోయి ఆగాను. "ఇంకోటి ఉంది మేడమ్," అన్నాను. ఆ మూడు మాటలకే చెమట పట్టింది.

ఆవిడ ఇంటి సీసాలోంచి ఒక గింజను సూది మొనతో నూనె చుక్కలోకి తీసి, యంత్రంలో చల్లని గాలి కింద నిలబెట్టింది. సాయంత్రానికి బొమ్మ వచ్చింది. రాగి మధ్యలో ఉంది. రెండు పీతలు చెరో వైపు నుంచి పట్టుకున్నట్టు నాలుగు నైట్రోజన్లు, ఐదో చోట నీటి అణువు. వీటన్నిటి పక్కన ఖాళీలో ఒదిగి ఒక మెథనాల్ అణువు. అది అక్కడ ఉంటేనే స్ఫటికం నిలబడుతుంది. సారు ఫ్యాన్ వేసి ఎగరగొట్టింది దాన్నే.

నేను హైదరాబాదు నుంచి తిరిగొచ్చాక సారు ఆ బొమ్మను క్లాసులో తెర మీద వేశారు. "చూసిర్రా? నీళ్ళల్ల నానబెడ్తే వచ్చేదా ఇది? నేను ఆరబెట్టిన గాబట్టి వచ్చింది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అంతకు మించి ఏమీ చేయలేదు కూడా. ఆ రాత్రి డైరీ తెరవకుండా ప్రాజెక్టు పుస్తకం తెరిచాను. తయారీ విధానం అన్న పేజీలో ఇలా రాశాను: "మొదటి సీసాలోని స్ఫటికాలను మార్గదర్శకులు స్వయంగా ద్రావణం నుంచి తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టగా, మెథనాల్ కోల్పోయి గంటలోపే పొడిబారి ఎక్స్‌రేకు పనికిరాకుండా పోయాయి. ఇక్కడ ఇచ్చిన నిర్మాణం ద్రావణంలోనే ఉంచిన రెండో సీసాలోని స్ఫటికానిది."

సంతకాల రోజు సారు పేజీలు తిప్పుతూ పోయారు. బొమ్మ దగ్గర ఆగి మురిసిపోయారు. అక్షరాల దగ్గర ఎక్కడా ఆగలేదు.

"అన్నీ నేను చెప్పినట్టే రాసినవా?"

"జరిగినట్టే రాసిన సార్."

"అవ్, మంచిది," అంటూ తయారీ విధానం పేజీ కింద కూడా సంతకం గీకారు.

"తేదీ గూడ వెయ్యండి సార్," అన్నాను.