ప్లాస్టర్ కింద అంకెలు

మొగిలయ్యను చూసిన మొదటి రోజే నాకు ఒళ్ళు మండింది. అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ మెట్ల కింద, రెండు బారల జాగాలో బల్ల వేసుకుని కెమెరాలు, బైనాక్యులర్లు బాగుచేసే మనిషి. జనగామ వైపు నుంచి పదిహేనేళ్ళ వయసులో వచ్చి, ఆబిడ్స్‌లో ఒకాయన దగ్గర అద్దాలు తుడవడంతో మొదలుపెట్టి, నలభై ఏళ్ళుగా అదే పని. డిజిటల్ కెమెరాలొచ్చాక సగం పని పోయింది. నోటి దురుసు మాత్రం పోలేదు.

అది రెండువేల ఆరు. మా భావన డిగ్రీ అయిపోయి జావా కోర్సులో చేరింది. పుట్టుకతోనే దానికి చూపు మందం, కళ్ళజోడు పెట్టినా దూరపు అక్షరం ఆనదు. హాల్లో రెండొందల మంది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ పిల్లలు పొద్దున్నే వచ్చి పుస్తకాలు, జేబురుమాళ్ళు వేసి ముందు సీట్లు ఆపుకుంటారు. శ్రీనగర్ కాలనీ నుంచి బస్సులో వచ్చే మా పిల్లకు ఎప్పుడూ వెనక వరసే. బోర్డు కనబడక మానేస్తానంటోంది. బైనాక్యులర్ పెట్టుకుని చూడమన్నాడు కళ్ళ డాక్టరు.

నేను ఊరుకునే రకమా? ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పదకొండు రకాల వివరాలు ప్రింటు తీశాను. ఏది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, స్పష్టతకు ఐదింటికి ఎన్ని చుక్కలిచ్చారు, అన్నీ గళ్ళు గీసి పోల్చాను. ఆఫీసులో కొటేషన్లు పోల్చేది నేనే మరి. ఆ కాగితం పట్టుకెళ్ళి, "ఇరవై ఇంటూ యాభై ఉందా? ఇరవై రెట్లు, యాభై మిల్లీమీటర్ల అద్దం," అని మొగిలయ్యను అడిగాను.

ఆయన కాగితం వంక కూడా చూడలేదు. "ఎవరికి సారూ?"

"మా అమ్మాయికి. క్లాసులో బోర్డు చూడ్డానికి."

"ఏది, అమ్మాయి?"

"అమ్మాయెందుకు? కొనేది నేను కదా."

"చూసేది నువ్వు కాదు గదా. బిడ్డను తోల్కరాపో. కండ్లు రాకుంట అద్దాలెట్లిస్త?"

ఆయన పద్ధతే అంత. మూడు నాలుగు బైనాక్యులర్లు తీసి, వాటి మీది అంకెలు కనబడకుండా తెల్ల ప్లాస్టర్ అంటిస్తాడు. రోడ్డవతలి బోర్డు అడుగున ఉన్న ఫోన్ నంబరు చదవమంటాడు. నంబరును అద్దం మధ్యలో పెట్టి ఒకసారి, అంచుకు జరిపి ఒకసారి. అదీ ఒంటి చేత్తో పట్టుకుని, తను ఇరవై లెక్కపెట్టేదాకా. నాకిదంతా తమాషాలా కనిపించింది. ర్యాంకు దగ్గర్నుంచి ప్యాకేజీ దాకా పెద్ద అంకెకు మొక్కే ఊళ్ళో అంకెల మీద ప్లాస్టరేమిటి? నీ బోడి పరీక్షలు నాకక్కర్లేదని చెప్పి, పంజాగుట్టలో ఏసీ షాపుకెళ్ళి నాక్కావలసిందే కొన్నాను. ఇంటి మేడ మీంచి చూస్తే ఎక్కడో ఉన్న వాటర్ ట్యాంకు నిచ్చెన మెట్లు కూడా కనబడ్డాయి.

మొదటి రోజు క్లాసు నుంచి వచ్చి భావన అంది: "నాన్నా, కిటికీలోంచి రోడ్డవతల బోర్డులు బాగా కనబడుతున్నాయి. క్లాసులో బోర్డే మసగ్గా ఉంది."

"పాఠం వదిలేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఎలా కనబడుతుంది?" అని అరిచాను. భావన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పదిహేను రోజుల తర్వాత ఏడవకుండా, నెమ్మదిగా చెప్పింది. "నా చూపు ఇంకా తగ్గినట్టుంది నాన్నా. రేపట్నుంచి వెళ్ళను."

ఆ రాత్రి అన్నం సయించలేదు. వస్తువులోనే ఏదో లోపం ఉండాలి, లేకపోతే నా బిడ్డ కళ్ళు పోయినట్టే. తెల్లారి భావనను లాక్కుని మొగిలయ్య దగ్గరికి వెళ్ళాను. బైనాక్యులర్ బల్ల మీద పడేసి, "దీని అద్దాలు వంకరున్నాయేమో చూడు," అన్నాను.

ముందు దాని అంకెల మీద ప్లాస్టర్ అంటించాడు. తర్వాత భావన చేతికిచ్చాడు. రోడ్డవతలి నంబరు పదంకెలూ చదివేసింది. ఆయన గోడ మీది క్యాలెండర్ తీసుకుని దూరంగా నడిచి, అక్కణ్ణుంచి దాన్ని ఎత్తి చూపిస్తూ మా వైపు రాసాగాడు. కొంత దూరం వచ్చాక, "మసకైపోయింది అంకుల్," అంది భావన. ఫోకస్ చక్రం ఎటు తిప్పినా అంతే. ఆయన అక్కణ్ణుంచి భావన దాకా అంగలు లెక్కపెట్టాడు.

"ఇరవై అంగలు," అన్నాడు. "మీ క్లాసుల బోర్డు ఎంత దూరముంటది బిడ్డా?"

"పదిహేను ఉంటుందేమో."

"నీ కండ్లకేం గాలే. ఇరవై అంగల లోపల ఇది ఎవ్వరికీ సక్కగ కనబడనియ్యది. గా ముచ్చట డబ్బా మీద రాయరు." నా వైపు తిరిగాడు. "సారూ, ఇరవై రెట్లు పెద్దగ జూపిస్తే చేతి వణుకు సుత ఇరవై రెట్లయితది. యాభైని ఇరవైతోని భాగించు. రెండున్నర. వెలుగు గంతనే వస్తది."

సొరుగులోంచి చిన్నదొకటి తీశాడు. ప్లాస్టర్ తర్వాత పీకి చూస్తే ఆరు ఇంటూ ముప్పై. భాగిస్తే ఐదు. భావన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, పదిహేను అంగల్లో ఉన్న క్యాలెండర్ చూస్తూ, కుడిచేత్తో ఆయన బల్ల మీది కాగితంపై ఆ నెలలో ఎర్రగా అచ్చేసిన సెలవు తేదీలన్నీ వరసగా రాసింది. చివరి తేదీ రాశాక చెయ్యి ఆపింది. దాని మొహం చూడలేక రోడ్డు వైపు తిరిగాను.

నా కోపం పంజాగుట్ట మీదికి మళ్ళింది. "వాడి డబ్బా తీసుకెళ్ళి వాడి మొహానే కొడతాను."

"అడిగింది ఇచ్చిండు సారూ. వాన్నెందుకు తిడ్తవు?" అని, భావన వైపు చూశాడు. "దూరం కనబడి దగ్గర కనబడకుంటే అద్దాల తప్పే గదా. గా సంగతి నీకు తెల్వలేదా బిడ్డా?"

"మొదటి రోజే తెలిసింది అంకుల్. చెప్పాను కూడా." కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

మొగిలయ్య చూశాడు. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి తిట్టే మనిషి. తిడతాడని చాలాసేపు నిలబడ్డాను. ఆయన చిన్నదాని అద్దాలు తుడిచి భావన చేతిలో పెట్టాడు.