గేరుపెట్టెకు మర బిరడా

పందొమ్మిదివందల యాభైల్లో నేను ఏలూరులో ఒక చిన్న వర్క్‌షాపు నడిపేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు యజమానికి అమెరికా కారు ఉండేది. దానికి క్లచ్ పెడల్ లేదు. గేర్లు వాటంతట అవే మారేవి. యజమానికి అది వినోదం, ఆయన డ్రైవరుకు బతుకుతెరువు. బస్తాల లారీ మీద నుంచి పడినప్పటి నుంచీ డ్రైవరు ఎడమ మోకాలు వంగేది కాదు. క్లచ్ తొక్కవలసిన బండి ఏదీ అతను నడపలేడు.

చిక్కంతా కొల్లేరుతో వచ్చింది. యజమాని పొలాలు సరస్సు అంచున ఉండేవి. వానాకాలంలో దారి మీద నిలిచిన నీటిలోంచే బండిని తేవాలి. గేరుపెట్టె గాలిరంధ్రం గుండా నీరు చేరి, ఎర్రటి నూనె గులాబీరంగు మజ్జిగలా మారేది. అడుగున ఉండే రేకు పళ్ళేనికి, అంటే ఆయిల్ పాన్‌కు, నూనె వదిలే రంధ్రం లేదు. బోల్టులన్నీ విప్పి పాన్ దించితే నూనె మోచేతుల మీదుగా చంకల్లోకి కారేది. పైగా సగానికి మించిన నూనె ఇంజను బలాన్ని గేర్లకు అందించే కన్వర్టర్‌లోనే మిగిలిపోతుంది గనుక, కొత్తది పోసి, కొంతదూరం నడిపి, పాన్ మళ్ళీ దించాలి. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ భుజాలు లాగుతాయి.

చివరికి యజమాని విసిగిపోయారు. “ఇది బండి కాదండీ, తద్దినం. ఈసారి నూనె పాడైతే అమ్మేసి జీపు కొంటాను,” అన్నారు. ఆయన వెళ్ళాక డ్రైవరు, “జీపుకి క్లచ్చుంటదండి కదా?” అని అడిగాడు. తెలియక కాదు.

పాన్ దించకుండానే నూనె వదిలేలా దానికి మర బిరడా, అంటే డ్రెయిన్ ప్లగ్, అమర్చుదామన్నాను. ఎక్కడ అన్నదే ప్రశ్న. అడుగున పెడితే నీరంతా దిగుతుంది. కాని కొల్లేటి గట్ల మీద ఎడ్లబండ్ల చక్రాలు రెండు వైపులా గాడులు కోసి, నడుమ నల్లమట్టిని దిమ్మలా మిగులుస్తాయి. ఎండితే అది రాయి. కిందికి పొడుచుకొచ్చిన బిరడాను ఒక్క దెబ్బకు ఊడదీస్తుంది. పక్కగోడకు పెడితే ఆ భయం లేదు. కాని నూనె కన్నా బరువైన నీరు రంధ్రం కింద అలాగే నిలిచిపోతుంది.

“మా దోనెలో నీళ్ళూ అంతేనండి. ఒడ్డుకి లాగి ఓ పక్కకి ఒరగేస్తే పోతాయి,” అన్నాడు డ్రైవరు. అతనిది కొల్లేటిలో చేపలు పట్టే కుటుంబం. “దీన్ని మీరు ఎత్తలేరు గానీ.”

“ఎత్తక్కర్లేదయ్యా. కాలవగట్టు వాలు మీద ఆపితే అదే ఒరుగుతుంది.”

“అయితే ఇదీ నాలాగే ఓ పక్కకి కుంటుద్దన్నమాటండి!”

లోపల నూనె వడకట్టే జల్లెడకు తగలని చోటు చూసి, పక్కగోడ అడుగుకు ఆనుకుని రంధ్రం పెట్టాను. పలచని రేకులో మర నిలవదు. అందుకని లోపల ఉక్కు నట్టు ఆనించి ఇత్తడితో అతికాను. వేడికి పాన్ అంచు వంగింది. దాన్ని సుత్తితో తట్టి చదును చేసేసరికి మధ్యాహ్నం దాటింది. అతుకు కారుతుందేమో చూడడానికి బయట సున్నం పూసి, ఆరాక లోపల కిరసనాయిలు పోశాను. కాసేపటికి సున్నంలో గోరంత తడిమచ్చ కనిపించింది. మళ్ళీ కడిగి, మళ్ళీ అతికి, మళ్ళీ సున్నం పూశాను. డ్రైవరు కాలు చాపుకుని ఎదురుగా కూర్చుని ఆ సున్నాన్నే చూస్తున్నాడు. ఈసారి అది తెల్లగానే ఉండిపోయింది.

వానలు పడ్డాయి, నూనె మళ్ళీ చెడింది. యజమానిని రమ్మని, ఉంగుటూరు దగ్గర కాలవగట్టు వాలు మీద బిరడా వైపు కిందికి ఒరిగేలా బండి ఆపి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాం. డ్రైవరు కిందికి దూరి బిరడా విప్పాడు. మొదట మురికినీరు, ఆపైన ఆ మజ్జిగ కారాయి. కొత్త నూనె పోసి, గట్టు చివరిదాకా నడిపి, తిరిగొచ్చి మళ్ళీ వదిలాం. మూడోసారికి ఎర్రగా వచ్చింది. పాన్ బోల్టు ఒక్కటీ ముట్టుకోలేదు.

యజమాని గొడుగు కింద నుంచే వంగి చూశారు. “సరే, ఈ ఏడాదికి ఉంచుదాం లెండి,” అన్నారు. ఈ ఏడాదికి. అంతే.

“ఇంకో చుట్టు బిగించమంటారా అండి?” బండి కింద నుంచి డ్రైవరు అడిగాడు.

“వద్దు. మర చెడుతుంది.”

అయినా అతను ఆపలేదు. నేను బురదలో మోకాళ్ళూని, అతని చేతిలోంచి స్పానరు తీసుకోవలసి వచ్చింది.