మొద్దు మీద పెట్టి చూడని కత్తి

హిందూపురంలోని తోళ్ల శిక్షణ కేంద్రంలో అసిస్టెంట్ డైరెక్టరుగా చేరేనాటికి నా సర్వీసు ఇంకా ఆరేళ్లు మిగిలి ఉంది. జనవరి చివర్లో చేరాను. ఫిబ్రవరి మొదటి వారంలోనే జిల్లా ఆఫీసు నుంచి ఒక ఫైలు వచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో తోలు పని చేసే కుటుంబాలకు గీకుడు కత్తులు ఇవ్వాలి, మంచి కత్తిని ఎంపిక చేసి నమూనా పంపమన్నారు. ఎంపిక సంఘానికి అధ్యక్షురాలిని నేనే.

నేను ధర్మవరంలో పుట్టి పెరిగినదాన్ని. పట్టుచీరల ఊళ్లో పుట్టి తోళ్ల చదువు చదువుతానంటే మా అవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ రోజు నుంచి ఈ పనిలో నాకు తెలియనిది లేదని ఎవరో ఒకరికి రుజువు చేస్తూనే ఉన్నాను. పైగా కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఈ రెండూ కలిసి ఏం చేశాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గీకుడు కత్తి అంటే ఏమిటో ముందు చెప్పాలి. మేక నుంచి తోలు ఒలిచాక దాని లోపలి వైపు కండ, కొవ్వు, పొర అంటుకుని ఉంటాయి. అవి ఉంటే తోలు కుళ్లిపోతుంది. తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, ఏటవాలుగా నిలబెట్టిన గుండ్రటి కర్ర మొద్దు మీద పరిచి, రెండు చేతులతో పట్టుకునే పొడవాటి కత్తితో పైనుంచి కిందికి తోస్తూ ఆ కండను గీకేస్తారు. కత్తికి రెండు కొసల్లోనూ పిడులుంటాయి. నడుమ అలుగు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. మరీ పదునైతే తోలు తెగుతుంది, మొద్దుబారితే కండ ఊడదు.

మూడు నమూనాలు వచ్చాయి. ఒక్కోదాన్నీ వంచి వదిలాను, తిరిగి నిటారుగా వస్తుందా అని. సున్నపు నీళ్లలో వారం నానేశాను, తుప్పు పడుతుందేమోనని. తడి చేతులతో పిడి జారుతుందేమో చూశాను. మా కేంద్రంలోని మొద్దు మీద ఒక్కో కత్తితో పది తోళ్లు గీకించాను. రెండో కత్తి అన్నింట్లోనూ నెగ్గింది. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తే ముచ్చటేసింది.

నిబంధన ప్రకారం వాడుకదారుల్లో ఒకరి అభిప్రాయం కూడా ఫైల్లో ఉండాలి. పెనుకొండ దగ్గర ఒక పల్లె నుంచి మారెక్కను పిలిపించాను. ఆమె భర్త ఓబులేసు తప్పెటగాళ్ల జట్టుకు పెద్ద. ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా, ఏ జాతర జరిగినా ఆ జట్టే వాయించేది. వాళ్ల తప్పెటలకు తోళ్లు గీకేది మారెక్క. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. కత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది. అలుగు వంపు మీద అరచెయ్యి ఆనించింది.

"కత్తి బాగుండాది మేడం. మా మొద్దు మీద పెట్టి సూడల్ల" అంది.

మొద్దు ఎక్కడైనా మొద్దే కదా అన్నాను. మర్నాడు ఫైలు జిల్లా ఆఫీసులో ఉండాలి. ఆమె పల్లెకు పోయి రావడానికి ఒక పూట పడుతుంది. ఆ ఒక పూట నాకు లేకపోయింది. 'పరీక్షించి తృప్తికరంగా ఉన్నట్లు ధ్రువీకరించడమైనది' అని టైపు చేయించి ఆమె వేలిముద్ర వేయించుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో కత్తులు పంచాం. పాత కత్తి అప్పగిస్తేనే కొత్తది ఇవ్వాలని షరతు. ఒకే ఇంటికి రెండుసార్లు పోకూడదని ఆ ఏర్పాటు. షరతు పెట్టింది నేను కాదు గానీ అమలు చేసింది నేనే. మారెక్క తెచ్చిన పాత కత్తి లారీ కమాను పట్టీతో ధర్మవరం కమ్మరి చేసింది. వాళ్ల అత్త కాలం నాటిదట. అరిగి అరిగి సగమైంది. దానికి చీటీ కట్టించి స్టోరులోని గోతాంలో వేయించాను.

మే నెలలో ఒకరోజు ఓబులేసు తమ్ముడు నారాయణప్ప ఆఫీసుకొచ్చాడు. భుజాన గోనెసంచి. వాళ్లన్న గుండె ఆగి పోయాడని, మట్టి చేసి మూడు రోజులైందని చెప్పాడు. సంచిలోంచి పగిలిన తప్పెట తోళ్లు మూడు తీసి నా బల్ల మీద పెట్టాడు.

వాయించే ముందు తప్పెటను మంట దగ్గర కాస్తారు. వేడికి తోలు బిగిసి గొంతు లేస్తుంది. ఆ రోజు శవం ఎత్తే ముందు జొన్నచొప్ప మంటేసి, రాబోయే జాతరకని బిగించిన కొత్త తప్పెటలు కాచారు. ఒకదాని తర్వాత ఒకటి మూడూ పగిలాయి. మూడూ మారెక్క గీకిన తోళ్లే. పాతదొకటి మిగిలింది. జన్మంతా ఊరందరి చావులకూ తప్పెట కొట్టినవాడు ఆ ఒక్క తప్పెటతో పోయాడు. పెనిమిటి పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని పట్టుకుని, నీ చేతుల్తోనే మొగుడి సాగనంపును చెడగొట్టావని ఆడవాళ్లు మొహం మీదే అన్నారట.

"మా వదిన చేతులు పోయినాయి మేడం. ఇంగ ఆమె గీకిన తోలు మాకొద్దు. మీ సెంటర్లో ఎవురన్నా గీకిస్తారా?" అన్నాడు నారాయణప్ప. ఆయన వచ్చింది అందుకు. కత్తి మీద ఫిర్యాదుకు కాదు.

నేను తోళ్లు చేతిలోకి తీసుకున్నాను. సరుకు మంచిది కాక పగిలిన తోలు వంకరటింకరగా చిరుగుతుంది. ఇవి మూడూ గీత గీసినట్టు తిన్నగా చిరిగాయి, కత్తి నడిచిన దిక్కునే. అంటే గీకేటప్పుడే లోతుగా గీరుకుంది. నానిన తోలు ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ గీరు కంటికి కనపడదు, మంట తగిలాకే విచ్చుకుంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నారాయణప్పకు మాత్రం, చూసి చెప్తానని అన్నానంతే.

ఆయన వెళ్లాక పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన నెమ్మదస్తుడు, నాకు చెడు కోరేవాడు కాదు. వాడినామె వేలిముద్ర ఫైల్లో ఉంది కదమ్మా, వాడకంలో లోపం అని నివేదిక రాసి పంపేయండి అన్నాడు. ఆ మాట వింటే హాయిగా అనిపించింది. సిగ్గుచేటైనా ఉన్నమాట ఇదే. ఆ సాయంత్రమే నివేదిక టైపు చేసి బ్యాగులో పెట్టుకున్నాను. సంతకం మాత్రం పెట్టలేదు.

చావింట్లోకి కత్తి పట్టుకుని పోవడానికి మనసొప్పక దినాలు అయ్యేదాకా ఆగాను. పోయేటప్పుడు గోతాంలోంచి మారెక్క పాత కత్తి కూడా తీసుకున్నాను. స్టోరులో ఒకసారి చెల్లని సరుకుగా రాశాక బయటికి తీయకూడదు. నా సొంత బాధ్యత మీద తీసుకుంటున్నట్టు రాసిచ్చాను.

వాళ్ల మొద్దు దొడ్లో గోడకు ఆనించి ఉంది. చూడగానే అర్థమైంది. మా కేంద్రంలోది వెడల్పాటి మొద్దు, ఇద్దరు కావలించుకోవాలి. ఇది సన్నటి చింతమాను, నా నడుమంత కూడా లేదు. కొత్త కత్తిని దాని మీద పెట్టాను. నడుమ రెండు వేళ్ల మేర ఆనింది, రెండు పక్కలా వెలుతురు కనపడింది. తోసేవాళ్ల బలమంతా ఆ రెండు వేళ్ల మీదే పడుతుంది. తర్వాత పాత కత్తి పెట్టాను. వెంట్రుక దూరనంతగా కూర్చుంది. ఇన్నేళ్లూ ఆ మొద్దు మీదే అరిగిన అలుగు అది.

మారెక్క గడపలో కూర్చుని చూస్తోంది. కొత్త కత్తి కరుస్తోందని చేతికి తెలియలేదా అని అడిగాను.

"తెలస్తానే ఉండె. పాతది మీరు తీసకపోతిరి గదా. జాతర దగ్గరికొచ్చె, ఏం జేసేది?" అంది. మళ్లీ తనే, "మీ తప్పు యాడుండాది మేడం. ఏలిముద్ర నేనే ఏస్తి గదా" అంది.

బ్యాగులోని కాగితంలో నేనూ అదే రాశాను. మాట దాదాపు అదే. అదే ఆమె నోట విన్నాను. అంతకు ముందూ ఆ తర్వాతా ఉద్యోగంలో ఎన్నో మాటలు పడ్డాను, ఏదీ అంత తగల్లేదు. ఆమె నన్ను దెప్పలేదు. నిజంగానే తన తప్పని నమ్మింది.

నారాయణప్పను, జట్టులోని వాళ్లను దొడ్లోకి పిలిపించాను. రెండు కత్తులూ మొద్దు మీద పెట్టి చూపించాను. ఈమె ఫిబ్రవరిలోనే మొద్దు మీద పెట్టి చూడాలంది, నేనే వినలేదు, ఈమె చేతులు ఏమీ పోలేదు, తప్పు నాది అని అందరి ముందూ చెప్పాను. మారెక్కను ఆ మాటన్న ఆడవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. నారాయణప్ప పాత కత్తి తీసుకుని వదిన ఒళ్లో పెట్టాడు. నా వైపు తిరిగి, "ఈ మాట మా యన్నను ఎత్తకముందు తెలిసింటే బాగుండు మేడం" అన్నాడు.

టైపు చేసిన నివేదిక చించేసి, హిందూపురం వచ్చి కొత్తది రాశాను. వేలిముద్ర ఆమె మొద్దు మీద పరీక్షించకముందే తీసుకున్నాననీ, వాడుకదారు చెప్పిన అభ్యంతరాన్ని నమోదు చేయలేదనీ, ఎంపిక లోపం పూర్తిగా నాదేననీ రాశాను. మెమో వచ్చింది, సమాధానం ఇచ్చాను. సర్వీసు రిజిస్టర్లో ఒక మందలింపు చేరింది. సన్న మొద్దులున్న ఇళ్ల కత్తులు వెనక్కి తెప్పించి, ధర్మవరం కమ్మరి చేత ఇంటింటి మొద్దుకూ వంపు సరిచేయించాం. ఆ జాతరకు తోళ్లు మళ్లీ మారెక్కే గీకింది. తప్పెటలు పగల్లేదని నారాయణప్ప కబురు పంపాడు.

మంచి గీకుడు కత్తి ఎలా ఎంచుకోవాలని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. ఉక్కు గురించి, పదును గురించి, పిడి గురించి చెప్తాను. కానీ అంతకు ముందు అది ఏ మొద్దు మీద నడుస్తుందో ఆ మొద్దు చుట్టుకొలత అడుగుతాను. కత్తిని కొన్నేళ్లుగా పడుతున్న చెయ్యి ఏదైనా చెబితే ఆ మాటను పక్కన రాసుకోమంటాను. పరీక్ష కాకుండా ఎవరి చేతా సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవద్దంటాను. నేను ఫైలు ఒక పూట ఆలస్యం చేసి ఉంటే ఓబులేసు నాలుగు తప్పెటలతో పోయి ఉండేవాడు.